పిల్లల భుజసంచిలో అడవి సామగ్రి

అడవి సాహసాల పేరుతో పిల్లలకు అమ్మే పెట్టెల్లో దిక్సూచి, ఈల, టార్చి, తాడు వంటివి రంగురంగుల ప్లాస్టిక్కులో ముచ్చటగా అమరి ఉంటాయి గాని, వాటిలో నిజంగా పనిచేసేవి ఎన్నో కొనేవారు పరీక్షించడం అరుదు. వినోదంతోపాటు విజ్ఞానమూ కోరుకునేవారు వస్తువుల సంఖ్యను కాక వాటి పనితనాన్నే చూడాలి.

దిక్సూచికి ప్రాణం భూమి అయస్కాంత క్షేత్రాన్ని అనుసరించి నిలిచే ముల్లు. మేలురకం వాటిలో డబ్బీ లోపల పారదర్శక ద్రవాన్ని నింపుతారు. అది ముల్లు ఊగిసలాటను అణచి త్వరగా కుదురుకునేలా చేస్తుంది. దుకాణంలోనే, ఇనుప బల్లలకు దూరంగా, దానిని అరచేతిలో వాలు లేకుండా పట్టుకుని నిలుచున్నచోటే ఒక చుట్టు తిరిగితే, డబ్బీ ఎటు తిరిగినా ముల్లు ఒకే దిక్కున నిలవాలి. డబ్బీతోపాటు తిరిగేది ఆటబొమ్మే. ఆ పైన సెల్‌ఫోనును దగ్గరకు తెస్తే, దాని స్పీకరులోని అయస్కాంతానికి ముల్లు పక్కకు జరుగుతుంది గనుక, దిక్సూచిని ఎక్కడ నమ్మరాదో పిల్లలకు అక్కడికక్కడే తెలిసివస్తుంది. ఈల అడుగున శనగగింజంత దిక్సూచిని, పక్కన భూతద్దాన్ని అతికించి అమ్మే బహుళార్థసాధక పరికరాల్లో సవ్యంగా పనిచేసేది తరచు ఈల ఒక్కటే.

ఆ ఈలను మాత్రం చిన్నచూపు చూడరాదు. అరిచిన గొంతు కాసేపటికే బొంగురుపోతుంది. ఈల అంత త్వరగా అలసిపోనివ్వదు. వరుసగా మూడుసార్లు ఊదడం ఆపద సంకేతంగా విస్తృతంగా గుర్తింపు పొందింది. లోపల గుండు లేని రకం తడిసినా మూగబోదు. దారి తప్పినట్లు తెలియగానే ఉన్నచోటే ఆగి ఊదాలన్న నియమాన్ని ఈలతోపాటే నేర్పాలి.

1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ ద్వీపంలో బేడెన్ పవెల్ నడిపిన బాలుర శిబిరంతో మొదలైన స్కౌటు శిక్షణలో తాటి ముడులది ప్రత్యేక స్థానం. సమాన మందం గల రెండు కొసలను కలిపే రీఫ్ ముడిలో మొదట కుడి కొసను ఎడమదానిపై, పిదప ఎడమ కొసను కుడిదానిపై వేస్తారు. రెండుసార్లూ ఒకే వరుసలో వేస్తే ముడి జారిపోతుంది. మూరెడు తాడు ఇచ్చేంత వినోదం మరే వస్తువూ ఇవ్వదు.

టార్చి విషయంలో వెలుగు కంటే బ్యాటరీ మూతను ముందు చూడాలి. మింగిన బటన్ సెల్ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం చేయగలదు గనుక, స్క్రూతో బిగించే మూత తప్పనిసరి. భారతదేశంలో 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర ఉండితీరాలి. అది లేని ఆటపెట్టెను, ఎంత అందంగా ఉన్నా, దుకాణంలోనే వదిలి రావాలి.