ఆరు సీసాలు

బల్ల మీద ఆరు వైన్ సీసాలు వరసగా పెట్టాను. అన్నీ దక్షిణాఫ్రికాలోని కేప్ తోటలవే. సాయంత్రపు ఎండ షెనిన్ బ్లాంక్ సీసాలోంచి దూరి, తెల్లని గుడ్డ మీద లేత తేనెరంగులో వణుకుతోంది. ఈ ద్రాక్షను అక్కడివాళ్లు చాలాకాలం స్టీన్ అన్నారు. పక్కనే పినోటాజ్, 1925లో అబ్రహాం పెరోల్డ్ రెండు ద్రాక్షజాతులను కలిపి పుట్టించినది. నిప్పులమీద కాల్చిన మాంసానికి దాన్ని మించిన తోడు లేదంటాను.

కానీ నా మనసు షెనిన్ దగ్గరే ఆగింది. దానికి జోడీ బొబొటీ. పసుపు, మసాలా, ఎండుద్రాక్ష కలిపిన ఖీమా మీద పాలూ గుడ్డూ గిలక్కొట్టి పోసి, పైన ఆకులు గుచ్చి కాలుస్తారు. ఒక ముద్ద, ఒక గుక్క. కారం మెత్తబడింది, పులుపు నిలిచింది.

ఆ పసుపు వాసన నాకు పరాయిగా అనిపించలేదు. దానికి కారణం ఆ తోటల చరిత్రలోనే ఉంది. 1659 ఫిబ్రవరి 2న కేప్‌లో మొదటిసారి ద్రాక్షసారా తీశామని అక్కడి డచ్ స్థావరం అధిపతి వాన్ రీబెక్ తన దినచర్యలో రాసుకున్నాడు. ఆ తర్వాతి కాలంలో ఆ తోటల్లో తవ్విన చేతులు బానిసలవి. ఇండోనేసియా నుంచి, మడగాస్కర్ నుంచి, బెంగాల్ నుంచి, మన కోరమండల్ తీరం నుంచి ఓడల్లో తెచ్చిన మనుషులు. వాళ్లలో ఎవరో ఒకరు పొయ్యి ముందు కూర్చుని, తెలుగులో ఏదో గొణుక్కుంటూ, పసుపు వేసి ఉంటారు. అలా అనుకోకుండా ఉండలేను.

1834 డిసెంబరు 1న అక్కడ బానిసత్వం రద్దయింది. ఆ తర్వాత కూడా నాలుగేళ్లు వాళ్లు పాత యజమానుల దగ్గరే పనిచేయాల్సి వచ్చింది.