మా గుంట నీళ్లు యాడికి పోతాయి?

పోయిన డిసెంబర్‌లో ఒక రాత్రి. ఇంటి మీద క్రిస్మస్ స్టార్ వెలుగుతోంది. నాయన మాత్రం రొయ్యల గుంట గట్టు మీద టార్చ్‌లైట్ పట్టుకుని నిలబడ్డాడు. గట్టు వారన రొయ్యలు నీరసంగా తేలుతున్నాయి. ఒకదాన్ని పట్టి, తల మీది పెంకు ఒలిచి, లైట్ వేసి చూశాడు. తెల్లచుక్కలు.

"అయిపోయిందిరా అబ్బయ్యా" అన్నాడు.

రొయ్యలు పెంచే ఇళ్లలో వైట్ స్పాట్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. మీకు తెలియకపోతే చెప్తాను. అదొక వైరస్. తిన్న మనిషికేం కాదు. గుంటలో పడిందంటే మాత్రం వారం పది రోజుల్లో రొయ్యలన్నీ పోతాయి. చలికాలంలో ఈ భయం మరీ ఎక్కువ. చేయగలిగిందల్లా ఒకటే, దొరికినకాడికి పట్టుబడి చేసి వచ్చిన రేటుకి అమ్ముకోవడం.

మర్నాడు అమ్మేశాం. ఇక మిగిలింది గుంటలో నీళ్లు.

మాది నెల్లూరు జిల్లా తీరంలో చిన్న పల్లె. బకింగ్‌హామ్ కాలువ పక్కనే మా రెండెకరాల గుంట. నీళ్లు తోడుకునేది ఆ కాలువలోంచే, వదిలేదీ దాంట్లోకే. చుట్టుపక్కల గుంటలన్నిటిదీ ఇదే కథ. మేం ఈ రాత్రి వదిలితే, పొద్దున్నే కింద గుంటలవాళ్లు అవే నీళ్లు తోడుకుంటారు. అందులో ఒకాయన చర్చిలో మా పక్కనే కూర్చునే మామ. కాలువలో ఉండే పీతలకీ ఈ వైరస్ అంటుకుంటుంది. వాటిని పట్టుకుని బతికేవాళ్లూ ఉన్నారు.

ఏం చేయాలో నాయనకి తెలుసు. నీళ్లకి బ్లీచింగ్ వేసి, కొన్ని రోజులు గుంటలోనే కట్టిపెట్టి, ఆ తర్వాతే వదలాలి. కానీ బ్లీచింగ్‌కి డబ్బులు కావాలి. ఆగేకొద్దీ తర్వాత పంట వెనకబడుతుంది. మేత అప్పుకి వడ్డీ మాత్రం ఆగదు.

ఆ రాత్రి నాయన మోటారు దగ్గరికి నడిచాడు. నేనూ వెనకే వెళ్లాను.

"కాలువలోకేనా నాయనా?"

"యాడికి పోతాయిరా నీళ్లు? సముద్రానికే గదా."

నాకు నోరు పెగల్లేదు. నా ఇంజినీరింగ్ ఫీజు కట్టింది ఈ గుంటే. బెంగళూరులో ఏసీలో కూర్చుని పర్యావరణ దినోత్సవానికి స్టేటస్ పెట్టే నేను, అప్పులో ఉన్న మనిషికి ఏ మొహంతో నీతులు చెప్పాలి?

పైగా అడిగేవాళ్లు కూడా ఎవరూ లేరు. 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం కింద మొదట వచ్చిన మార్గదర్శకాలు 5 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకి వాడిన నీళ్లు శుద్ధి చేసే ఏర్పాటు ఉండాలన్నాయి. రెండెకరాల గుంట దగ్గరికి అర్ధరాత్రి తనిఖీకి ఎవరొస్తారు?

అప్పుడు మా అవ్వ చెప్పే కథ గుర్తొచ్చింది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఈ కాలువలోనే మూడు మైళ్లకి పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి పని చూపించాడు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 2004 సునామీ రోజున ఈ కాలువే చాలాచోట్ల నీటి ఉద్ధృతిని తగ్గించిందని శాస్త్రవేత్తలు రాశారు. ఆకలిగొన్నవాళ్లు తవ్విన కాలువ మమ్మల్ని కాసింది. మేం దానికి ఇచ్చేది ఇదా?

ఆదికాండం రెండో అధ్యాయంలో దేవుడు మనిషిని తోటలో ఉంచి రెండు పనులు చెప్తాడు. ఒకటి సేద్యం, రెండోది కాయడం. రెండు అధ్యాయాల తర్వాత, తమ్ముణ్ని చంపిన కయీను నేనేమన్నా వాడికి కావలివాడినా అని దేవుణ్నే ఎదురు ప్రశ్నిస్తాడు. కాయడం, కావలి. తెలుగులో రెండిటికీ మూలం ఒకటే. హెబ్రీలోనూ రెండు చోట్లా ఒకటే మాట, షామర్. నేలని కాయడం వేరు, తమ్ముణ్ని కాయడం వేరు అనుకున్నాను అన్నాళ్లూ. మా కాలువ పక్కన ఆ రెండూ ఒకటే పని.

ఇదంతా నాయనకి చెప్పలేదు. ఆయన సంఘ పెద్ద. నాకంటే ఎక్కువసార్లే చదివుంటాడు. ఒకటే అడిగాను.

"ఆదివారం మామ పక్కన కూర్చోవాలి గదా నాయనా?"

నాయన చాలాసేపు మోటారు మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. తర్వాత, "బ్లీచింగ్ ఎంతవుద్దో కనుక్కో" అన్నాడు.

ఆ డబ్బు నా జీతంలోంచి కట్టాను. త్యాగమేం కాదు, ఆ గుంటకి నేను ఎప్పటినుంచో బాకీ.

కథ ఇక్కడితో సుఖాంతం అయితే బాగుండేది. జనవరిలో మామ గుంటకీ తెల్లచుక్కలొచ్చాయి. సీడ్‌లో వచ్చిందో, ఇంకెవరి నీళ్లలో వచ్చిందో! ఒక్క గుంటవాళ్లు ఆగితే కాలువ బాగుపడదని అప్పుడు అర్థమైంది.

కబురు తెలిసిన రోజే నాయన మామ దగ్గరికి వెళ్లాడు. ఇద్దరూ గట్టు మీద కూర్చుని టీ తాగారు. మామ కూడా నీళ్లు కట్టిపెడతానన్నాడు. మిగిలిన బ్లీచింగ్ బస్తా నాయనే బండి మీద వేసుకెళ్లి ఇచ్చొచ్చాడు.