తక్కువ తింటే తేలిక కాన్పా?

"మరీ కడుపునిండా తినకమ్మా, బిడ్డ లావైతే కాన్పు కష్టం!"

తెలుగిళ్లలో ఇప్పటికీ వినిపించే మాటే. చెప్పేవాళ్లేమీ శత్రువులు కారు. అమ్మ, అత్తగారు, పక్కింటి పిన్నిగారు... అందరూ ప్రేమగానే చెబుతారు. ఆసుపత్రి అందుబాటులో లేని రోజుల్లో కష్టమైన కాన్పులు చూసిన భయం వాళ్లది. ఆ భయం కోడలి కంచం దాకా వచ్చింది.

అసలే ఇంట్లో అందరికీ వడ్డించి చివర్లో కూర్చునేది ఆమె. అడుగున మిగిలిన పప్పు, కాస్త చారు. గుడ్డుంటే పిల్లాడికో, ఆయనకో! దానికి తోడు బొప్పాయి వద్దు, నువ్వులు వేడి అంటూ ఆంక్షలు. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణిని అంగన్‌వాడీలోనే కూర్చోబెట్టి భోజనం, గుడ్డు, పాలు ఇచ్చే పద్ధతి పెట్టారు. మంచి పనే. ఇంటికి పట్టుకెళ్తే ఆ గుడ్డు ఎవరి కంచంలో పడుతుందో తెలియనిదెవరికి?

తల్లి తిండి తగ్గితే బిడ్డ బరువు తగ్గుతుంది. రెండున్నర కిలోలకన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ఒంట్లో వేడి నిలవడం కష్టం, జబ్బులూ త్వరగా పట్టుకుంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 52.2 శాతం గర్భిణులకు రక్తహీనత ఉంది. అందుకే నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు ఐరన్ మాత్ర వేసుకోమంటారు. విరేచనం నల్లగా అవుతోందని భయపడి నాలుగు రోజులకే మానేసేవాళ్లెందరో! అది మామూలే. వికారంగా ఉంటే రాత్రి భోంచేశాక వేసుకోవచ్చు, టీతో మాత్రం వద్దు.

తిండి గురించి కనీసం నలుగురూ మాట్లాడతారు. మూత్రం సంగతే ఎవరూ ఎత్తరు. కడుపుతో ఉన్నప్పుడు మూత్రనాళాలు వదులై మూత్రం నిలుస్తుంది, క్రిములు పెరుగుతాయి. మంట ఉండకపోవచ్చు, జ్వరమూ రాకపోవచ్చు. పట్టించుకోకపోతే కిడ్నీలకు పాకి చలిజ్వరంతో పడేస్తుంది. నెలలు నిండకముందే నొప్పులొచ్చే ప్రమాదమూ ఉంది. చాటు దొరకదని పొద్దుటినుంచీ నీళ్లు తాగకుండా, వచ్చినా ఉగ్గబట్టుకుని పనిచేసే ఆడవాళ్ల అవస్థ చెప్పక్కర్లేదు.

చిన్న సీసాలో మూత్రం ఇస్తే కల్చర్ పరీక్ష చేస్తారు. క్రిములున్నట్టు తేలితే, ఏ బాధా లేకపోయినా సరే, వారం రోజులు యాంటీబయాటిక్ ఇవ్వాలని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఏ మందన్నది డాక్టరే చెప్పాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకునేది కాదు.

స్కానింగుకైతే ఇంటిల్లిపాదీ బయల్దేరతారు. ఈ సీసా దగ్గరికొచ్చేసరికి, "నొప్పేమీ లేదుగా, ఎందుకూ?" అంటారు. మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడే ఆ పరీక్ష రాయమని అడగొచ్చు.