బేలం దారిలో చల్లని మిద్దెలు

నంద్యాల జిల్లాలో బనగానపల్లె దాటి, అవుకు మీదుగా కొలిమిగుండ్ల వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా కనిపించేది రాయే. చేను గట్టున నాపరాయి, పశువుల కొట్టానికి నాపరాయి, ఇంటి ముందు అరుగూ నాపరాయే. బేతంచెర్ల, తాడిపత్రి ఊళ్లలో పాలిష్ పట్టి లారీలకెత్తే బండలు ఈ జాతివే. మనం నేల మీద, వంటగట్టు మీద పరుచుకుంటాం. ఇక్కడి పాతకాలం వాళ్లు మాత్రం ఇల్లంతా వాటితోనే కట్టుకున్నారు.

మేం వెళ్లింది బేలం గుహలు చూడ్డానికి, అదీ మే నెలలో. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ గుహలు సున్నపురాయిని నీళ్లు తొలిచేస్తే ఏర్పడిన దారులు. నేల కిందికి దిగితే చల్లగా ఉంటుందనుకుంటాం కదా! లోపలికి పోయేకొద్దీ ఉక్కపోతే. పది నిమిషాల్లో చొక్కాలు తడిసిపోయాయి. చుట్టూ రాయి ఉంటే సరిపోదు, గాలి ఆడాలి, తడి బయటికి పోవాలి.

తిరిగొస్తూ మంచినీళ్ల కోసం ఒక ఊళ్లో ఆగాం. "ఎండలో యాల నిలబడినారు, లోపలికి రాండి నాయనా" అంటూ ఒక అవ్వ తన మిద్దెలోకి పిలిచింది. గడప దాటగానే ఒళ్లు చల్లబడింది. చూస్తే ఫ్యాన్ కూడా తిరగడం లేదు.

గోడ దాదాపు రెండడుగుల మందం. నాపరాళ్లను మట్టితో పేర్చి, లోపలి వైపు మట్టి మెత్తి, దాని మీద సున్నం కొట్టారు. పైన దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద బండలు, ఆపైన మట్టి. అన్నిటికన్నా పైన చౌడు. వాన పడితే ఈ చౌడు బిగుసుకుని నీళ్లను కిందికి దిగనివ్వదు. మధ్యలో వెలుతురు కోసం గవాచి. వేడిగాలి పైకి పోయే దారి కూడా అదే.

ఇంత లావు గోడ పొద్దంతా ఎండ తాగినా, ఆ వేడి లోపలి వైపుకు చేరేసరికి రాత్రవుతుంది. అప్పటికి బయట చల్లబడుతుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు సంగతి అలా కాదు. మధ్యాహ్నం ఎండను సాయంత్రానికే గదిలోకి దింపుతుంది. "సిమెంటు ఇల్లు పగులు బాగుంటాది, రాత్రి పండుకోనీయదు" అని అవ్వ ఒక్క ముక్కలో తేల్చేసింది.

పక్క గది చూపిస్తూ ఆమె కొడుకు నిట్టూర్చాడు. రెండేళ్ల కిందట గోడలు నున్నగా ఉండాలని సిమెంటు పూయించి, ప్లాస్టిక్ పెయింటు వేయించాడట. ఇప్పుడు కింద మూడడుగుల మేర పొక్కులు లేచి, పెచ్చులూడుతోంది. కారణం తెలిసిందే. పునాది నుంచి మట్టిగోడ తడి పీలుస్తుంది. సున్నం పూతైతే ఆ తడిని మెల్లగా గదిలోకి వదిలేస్తుంది, గోడ ఆరిపోతుంది. సిమెంటు, పెయింటు కలిసి దారి మూసేస్తే తడి లోపలే నిలిచి, ఉప్పు పేరుకుని, పూతను తోసేస్తుంది.

తమాషా ఏమిటంటే సున్నమైనా సిమెంటైనా పుట్టేది సున్నపురాయి నుంచే. రాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి ఉడికించి, ఇసుక కలిపి ఎద్దుల గానుగలో నూరితే గచ్చు సున్నం. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కూడా కలిపేవారు. గోడ మీద ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయిలా మారుతుంది. సిమెంటుకైతే మట్టితో కలిపి 1,450 డిగ్రీల దాకా కాల్చాలి. గట్టిదనం ఎక్కువే, కానీ తడిని అంత సులువుగా బయటికి వదలదు.

అలాగని మిద్దెలన్నీ గొప్పవి, స్లాబులన్నీ చెడ్డవి అనలేం. ఆ కొడుకు భయం నిజమైనదే. దంతెలకు చెదలు పట్టింది. చౌడు వేసే మనుషులు దొరకడం లేదు. ముసురు పట్టి నాలుగు రోజులు వదలకపోతే మిద్దె కూలి ప్రాణాలు పోయిన వార్తలు రాయలసీమలో మనం చదువుతూనే ఉన్నాం. "మాయమ్మ ఈడే పండుకుంటాది. వాన వస్తే నాకు నిద్ర పట్టదు" అన్నాడు. ఆమెకేమో స్లాబు ఇంట్లో నిద్ర పట్టదు!

మధ్యేమార్గం లేకపోలేదు. పాత గోడకు సిమెంటు పూత తీయించి, మళ్లీ మట్టి, సున్నమే వేసుకోవచ్చు. స్లాబు ఇల్లు కట్టుకునేవాళ్లు పైన తెల్లగా సున్నం కొట్టించి, ఎదురెదురుగా కిటికీలు పెట్టించి, పడమటి గోడకు నీడ కల్పించుకుంటే చాలా వేడి తగ్గుతుంది. ఖర్చూ పెద్దగా కాదు.

మేం బయల్దేరేటప్పుడు ఆ కొడుకు దంతెల వైపే చూస్తున్నాడు. వానలకు ముందే మేస్త్రీని పిలిపిస్తాడట. దూలాలు గట్టిగా ఉంటే దంతెలు మార్చి మిద్దె నిలబెడతాడు. పుచ్చిపోయి ఉంటే మాత్రం అవ్వ ఎంత చెప్పినా పడగొట్టక తప్పదు.