ఇచ్చోడ గోడ

దసరా సెలవులు వచ్చాయంటే అందరూ చుట్టాల ఊళ్ళకు బయలుదేరుతారు. మా ఇంట్లో మాత్రం నిచ్చెనలు, బ్రష్షులు, రంగు డబ్బాలు బయటికి వస్తాయి. గోడల మీద బొమ్మలు వేయడం మా కుటుంబానికి జీవనాధారం. బడులు మూసి ఉన్నప్పుడే బడి గోడలు మాకు దొరుకుతాయి. అందుకని మా పిల్లలిద్దరికీ సెలవులంటే సగం పని, సగం విహారం.

ఒకప్పుడు మాకు పనికి కరువు లేదు. దుకాణాల బోర్డులు, లారీల వెనుక రాతలు, పెండ్లి ఇండ్ల గుమ్మాలు, మందిరాలలో వేదిక పైన వాక్యాలు, అన్నీ చేతి రాతే. ఆ తరువాత ఫ్లెక్సీ మిషన్లు వచ్చాయి. మూడు రోజులు కూర్చుని రాసే బోర్డు మూడు గంటలలో తయారై వచ్చేస్తుంటే మా బ్రష్షును అడిగేవారెవరు? మా తోటివారు కొందరు ఇండ్లకు రంగులు వేసే పనిలోకి మారారు, కొందరు ఆటోలు కొనుక్కున్నారు. మేము బడులు, అంగన్‌వాడీలు, వసతి గృహాల గోడలు పట్టుకుని నిలబడ్డాము.

ఆ సంవత్సరం ఇచ్చోడ దగ్గర ఒక వసతి గృహం వారు కబురు చేశారు. పిల్లలు అన్నం తినే హాలులో నలభై అడుగుల గోడ. దాని మీద అక్షరాలు, చెట్లు, జంతువులు, రాష్ట్ర పటం వేయాలి. అడ్వాన్సు ముందే పంపారు. అది వచ్చిన రోజే మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టేశాము. ఈ మాట ముందే చెప్పడం ఎందుకంటే, తరువాత జరిగిందంతా ఆ ఫీజు చుట్టూ తిరిగింది.

తెల్లవారుజామున ప్రార్థన చేసుకుని జగిత్యాల నుంచి మా పాత ఓమ్ని వ్యానులో బయలుదేరాము. పైన రెండు నిచ్చెనలు, వెనుక రంగులు, వాటి నడుమ అన్నం గిన్నెలు, దుప్పట్లు. కోరుట్ల, మెట్‌పల్లి దాటి ఆర్మూరు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కాము. పెద్దలు ఇప్పటికీ దానిని ఏడో నంబరు రోడ్డనే అంటారు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే రోడ్డు అది. పోచంపాడు దగ్గర పక్కకు తిరిగి, 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు చూసి, సోన్ దగ్గర గోదావరి దాటాము. రోడ్డు పక్కన తంగేడు విరగబూసి ఉంది. రంగులు కలిపేవారికి ఆ పసుపు చూస్తే ఆశ పుడుతుంది. ఏ డబ్బాలోనూ అది దొరకదు.

నిర్మల్‌లో ఆగకుండా ఏ పేంటరైనా ఎలా వెళ్తాడు? అక్కడి కొయ్యబొమ్మలకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొణికి కర్ర చాలా తేలిక, మెత్తన. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ముద్ద చేసి, చేతులు, చెవులు, తోకలు అతుకుతారు. తెల్ల సుద్ద పూసి, ఆరాక రంగులు వేస్తారు. జామపండు, మామిడిపండు బొమ్మలు చూసి మా అబ్బాయి వాసన చూడబోయాడు. అడవిలో పొణికి చెట్లు తగ్గిపోవడమే వారికి పెద్ద దిగులు.

పని చేస్తున్న ఒక పెద్దాయన దగ్గర చాలాసేపు కూర్చున్నాము. చెక్కిన బొమ్మలను సన్నటి సెగ దగ్గర పెట్టి ఉంచాడు. ఎందుకని అడిగాము. "లోపల తడి ఉంటే పైన ఎంత మంచి రంగేసినా నిలవదమ్మా. కర్రె అబద్ధం చెప్పదు" అన్నాడు. ఆ మాట అప్పుడు తలూపి విన్నాము. సాయంత్రానికే అది మా మెడకు చుట్టుకుంటుందని తెలియదు.

నిర్మల్ దాటాక రోడ్డు కొండలెక్కుతుంది. మహబూబ్ ఘాట్ టేకు చెట్ల మధ్య వ్యాను మూలుగుతూ నడిచింది. పైకి చేరితే గాలే మారిపోయింది. నేరడిగొండ దాటి ఇచ్చోడ చేరేసరికి మధ్యాహ్నం రెండు. రహదారి మీది ఊరు అది. చుట్టూ నల్లరేగడి చేలు, వాటిలో పత్తి, సోయా, కంది. అంగడిలో నిలబడితే తెలుగు, మరాఠీ, గోండి, లంబాడీ, ఉర్దూ, అన్నీ ఒకేసారి చెవిన పడతాయి. చాయ్ తాగుతూ మా అమ్మాయి లెక్కపెట్టి చెప్పింది, "అయిదు భాషలు మమ్మీ!" అని.

వసతి గృహం ఖాళీగా ఉంది. హాలులోకి వెళ్ళగానే మా ఇద్దరికీ ముఖాలు మారాయి. గోడకు కొత్తగా సున్నం కొట్టారు, చూడటానికి తెల్లగా ఉంది. కాని కింద మూడడుగుల మేర అరచేయి ఆనిస్తే చల్లగా తగిలింది. గోరుతో గీస్తే పొడి ఉప్పులా రాలింది. వెనుకకు వెళ్ళి చూస్తే డాబా మీది నీళ్ళు దించే గొట్టం విరిగి, వానాకాలమంతా నీరు గోడ మొదట్లోనే పడింది. నల్లరేగడి మన్ను నీటిని తొందరగా వదలదు. అది తాగినంత గోడకూ తాగించింది.

బాధ్యత చూసే సారుకు చెప్పాము. ఆయన నవ్వాడు. "పేంటరన్నా, ఇరవై రోజులల్ల ప్రారంభోత్సవం ఉన్నది. పెద్దోళ్ళు వస్తరు, ఫొటోలు దిగుతరు. గప్పటిదాక మంచిగ కనబడితే చాలు. తర్వాత సంగతి తర్వాత చూద్దాం."

గోడలో తడి ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. పాఠకులకు కూడా ఇంట్లో పనికివస్తుంది. చేరెడు పాలిథిన్ కాగితం గోడకు ఆనించి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించి ఒకటి రెండు రోజులు వదిలేయాలి. గోడవైపు నీటి చుక్కలు కడితే తడి గోడ లోపలిది. బయటివైపు కడితే అది గాలిలోని చెమ్మ. మేము రెండు చోట్ల అంటించాము. మర్నాడు ఉదయం రెండింటికీ గోడవైపే చుక్కలు నిలిచాయి.

ఆ రాత్రి వరండాలో పడుకుని మా అబ్బాయి అడిగాడు. "డాడీ, మనం వేయకపోతే ఇంకొకరు వచ్చి వేస్తారు గదా? ఫీజు డబ్బులు ఎట్లా తిరిగిస్తాం?" న్యాయమైన ప్రశ్నే. మాకు వెంటనే జవాబు తోచలేదు. అన్నం తినే హాలు అది. పిల్లలు ఆ గోడకు వీపు ఆనించి వరుసగా కూర్చుంటారు. రంగు పెచ్చులు లేచి రాలితే కంచాల్లోనే పడతాయి. బొమ్మ కింద మూలన మా పేరు, ఫోను నంబరు ఉంటాయి.

మా కుటుంబ ప్రార్థనలో వరుసగా చదువుతూ లేవీయకాండము 14వ అధ్యాయానికి వచ్చి ఉన్నాము. ఇన్నాళ్ళూ తొందరగా చదివి దాటేసిన అధ్యాయమే. ఇంటి గోడలో పొడ కనబడితే యాజకుడు వెంటనే తీర్పు చెప్పకూడదట. ఇల్లు మూసి ఏడు రోజులు ఆగి, మళ్ళీ వచ్చి చూడాలట. పొడ వ్యాపిస్తే ఆ రాళ్ళు తీసి, గోడ గీకించి, వేరే అడుసుతో పూయించాలట. చదివి ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ఏడు రోజులు మా దగ్గర లేవు. మూడు రోజులు ఆగుదామనుకున్నాము. సున్నమంతా పట్టీతో గీకి, కిటికీలన్నీ తెరిచి, గొట్టానికి పాత డబ్బా రేకు చుట్టి నీరు దూరంగా పడేలా చేసి, పిల్లలను వ్యానెక్కించాము.

మొదటి రోజు కుంటాల. నేరడిగొండ నుంచి సుమారు 12 కిలోమీటర్లు. కడెం నది అక్కడ దాదాపు 45 మీటర్ల ఎత్తు నుంచి మెట్లు మెట్లుగా దూకుతుంది. తెలంగాణలో ఎత్తయిన జలపాతంగా దానికి పేరు. కిందికి వందల మెట్లు దిగాలి, తిరిగి ఎక్కేటప్పుడు మోకాళ్ళు లెక్క చెబుతాయి. వానలు వెనుదిరిగిన ఆ రోజుల్లో నీరు నిండుగా ఉంది. బండలు నాచు పట్టి జారుతుంటాయి. అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు కనుక పిల్లలను మడుగు దగ్గరకు పోనివ్వలేదు. దూరాన కూర్చుని పెరుగన్నం తిన్నాము. అమ్మాయి పెన్సిలుతో జలపాతం గీసుకుంది. అదే నీరు గోడలో చేరితే మాకు శత్రువు, ఇక్కడ ఎంత చూసినా తనివి తీరదు.

రెండవ రోజు గుడిహత్నూర్ మీదుగా ఇంద్రవెల్లి, ఉట్నూర్, జైనూర్ వైపు వెళ్ళాము. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పులలో చనిపోయిన గిరిజనుల స్తూపం దగ్గర దిగి కొంతసేపు మౌనంగా నిలబడ్డాము. అక్కడి నుంచి మార్లవాయి. కుమురం భీం 1940లో నేలకొరిగిన తరువాత, గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పంపిన హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి ఉన్న ఊరు అది. గోండు పిల్లలకు వారి సొంత భాషలోనే చదువు మొదలుపెట్టాలని 1940లలోనే అక్కడ ఉపాధ్యాయులకు శిక్షణ ఇప్పించాడు. ఆమె 1987లో, ఆయన 1995లో కన్నుమూశారు. ఎక్కడో పుట్టిన ఆ ఇద్దరి సమాధులూ పక్కపక్కనే మార్లవాయిలో ఉన్నాయి. గుస్సాడి నృత్యానికి 2021లో పద్మశ్రీ పొందిన కనకరాజుగారిదీ ఇదే ఊరు. ఆయన 2024లో మరణించారు.

ఆ ఊళ్ళో మట్టి గోడలను చూసి మేమిద్దరం ఆగిపోయాము. ఎర్రమన్ను, తెల్ల సుద్ద, అంతే. ఏ కంపెనీ రంగూ లేదు. పాడైతే ఇంటి ఆడవారే మళ్ళీ అలుకుతారు. ఒక చిన్నది మా అమ్మాయి గీసిన జలపాతం చూసి, వేలు పెట్టి "ఏర్" అంది. గోండిలో నీళ్ళను అలా అంటారట. మన 'ఏరు' గుర్తుకొచ్చి మా పిల్లలు నవ్వారు. ఆ చిన్నది కూడా, ఎందుకో తెలియకుండానే, నవ్వింది.

మూడవ రోజు పాలిథిన్ విప్పి చూశాము. చుక్కలు తగ్గాయి గాని పోలేదు. ఊరి మేస్త్రీని పిలిచి చూపిస్తే, గొట్టం మార్చి, అడుగు పూత తీసి, ఒక ఎండాకాలం వదిలేయాలన్నాడు. మేము సారు దగ్గరకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాము. "ఆ గోడ మీద మేము వేయలేము. వరండా గోడ ఎండి ఉంది. ఇరవై అడుగులు. తీసుకున్న అడ్వాన్సుకు అక్కడ వేసి పోతాము. మిగతా పైకం మాకు వద్దు."

ఆయనకు కోపం వచ్చింది. మాటలు అన్నాడు. సాయంత్రం దాకా ఏమీ తేల్చలేదు. చివరకు "సరే, గక్కడనే ఏయండి" అన్నాడు. లాభం పోయింది. అమ్మాయి రెండవ విడత ఫీజుకు చిట్టీ ఎత్తవలసి వచ్చింది. అది ఇప్పటికీ కడుతున్నాము.

నాలుగు రోజులు నలుగురం కలిసి పని చేశాము. నీలి దారం కొట్టి గళ్ళు వేయడం అబ్బాయి పని, ఆకులు నింపడం అమ్మాయి పని. ముందు అనుకున్న ఏనుగు, ఒంటె వదిలేసి, అక్కడి పిల్లలు రోజూ చూసేవే వేశాము. పత్తిచేను, టేకు ఆకు, ఇప్పచెట్టు, ఎడ్లబండి, మధ్యలో కుంటాల. జలపాతం కింద తెలుగులో 'నీళ్ళు' అని రాసి, పక్కన అమ్మాయి 'ఏర్' అని రాసింది. గోండు పిల్లలు సెలవుల నుంచి తిరిగి వచ్చి, తమ ఇంటి మాట గోడ మీద చూసుకుంటే ఎలా ఉంటుందో అనుకున్నాము. మూలన పేరు, నంబరు రాసే పని మొదటిసారిగా అబ్బాయికి ఇచ్చాము. చాలా నిదానంగా రాశాడు.

మరుసటి ఏడు వానలు వెళ్ళాక, తెలియని నంబరు నుంచి ఒక ఫొటో వచ్చింది. అక్కడ వంట చేసే అమ్మ పంపింది. మా నంబరు గోడ మీద చూసి పంపిందట. వరండాలో పిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు. వెనుక కుంటాల అలాగే దూకుతోంది. ఒక్క పెచ్చు లేవలేదు. హాలులోని గోడ సంగతి మేము అడగలేదు, ఆమె చెప్పలేదు.

మా అబ్బాయి ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. తరువాత లేచి వెళ్ళి, నిర్లక్ష్యంగా నానబెట్టిన బ్రష్షులన్నీ కడిగి ఆరబెట్టాడు. ఆ పని వాడికి మేమెవరమూ చెప్పలేదు.