పరదా వెనక నిలబడి

మా జగదేవ్‌పూర్ మండలం తీగుల్ నర్సాపూర్‌లో, కొండపోచమ్మ సన్నిధిలో నేను మొదటిసారి చూసిన రంగస్థలానికి పరదా లేదు, మెట్లు లేవు. పసుపు, కుంకుమ, పచ్చటి ఆకుపొడితో వేసిన పట్నం ముగ్గు ముందు ఒగ్గు కథకుడు నిలబడ్డాడు. భుజం మీది కండువాను చేతుల్లోకి తీసుకుంటే అది పసిబిడ్డ, తలకు చుడితే రాజు తలపాగా. డోలు ఆగినప్పుడల్లా జనం ఊపిరి బిగబట్టారు. నాటకమంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది. దానికంటూ కట్టిన ఇళ్లను తీరికగా చూద్దామని ఈమధ్య హైదరాబాద్ వెళ్లాను.

గజ్వేల్, ప్రజ్ఞాపూర్ మీదుగా జూబ్లీ బస్‌స్టేషన్. అక్కడ మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, అసెంబ్లీ స్టేషన్‌లో దిగాను. నగరంలో నాటకాల పేట ఏదంటే నేను ఈ చుట్టుపక్కలనే చూపిస్తాను. పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళాతోరణం, నాంపల్లి వైపు తెలుగు విశ్వవిద్యాలయం, లక్డీకాపూల్ వైపు రవీంద్రభారతి. అన్నీ నడిచి చూడొచ్చు. అసెంబ్లీ పాత భవనం కూడా 1913లో టౌన్‌హాల్‌గా పూర్తయిందే. జూబ్లీ హాలు ఏడో నిజాం రజతోత్సవాలు చూసింది. పదిమంది ఒకచోట చేరడం ఈ నేలకు పాత అలవాటు.

లలిత కళాతోరణం ఆరుబయలు రంగస్థలం. నేను వెళ్లేసరికి మెట్లన్నీ ఖాళీ. ఎండలో కాసేపు కూర్చున్నాను. మా ఊరి కథాస్థలానికి చుట్టమేదైనా నగరంలో ఉంటే ఇదేననిపించింది. రెండిటికీ ఆకాశమే కప్పు.

రవీంద్రభారతి తీరు వేరు. టాగోర్ శతజయంతికి గుర్తుగా కట్టిన భవనం అది. శిల్పి మహమ్మద్ ఫయాజుద్దీన్. 1961 మేలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. పైన పైడి జైరాజ్ పేరిట చిన్న సినిమా హాలు కూడా ఉంది. కరీంనగర్‌లో పుట్టి, బొంబాయి సినిమాల్లో హీరోగా వెలిగిన మనిషి ఆయన. ఆ పేరు అక్కడ కనబడితే మా జిల్లాలవాళ్లకు ఛాతీ ఉప్పొంగుతుంది. అయితే ఒక మాట చెప్పాలి. ఈ వేదిక మీద శాలువాలు కప్పే సాయంత్రాలు బాగా పెరిగాయి. సన్మానాలు వద్దనను. కానీ నాటకం కోసం కట్టిన ఇంట్లో నాటకానిదే పెద్దపీట కావాలి.

నా అదృష్టం, ఆ సాయంత్రం సురభివారి మాయాబజార్. అడిగితే పరదా వెనక కాసేపు నిలబడనిచ్చారు. చుట్టలు చుట్టిన పరదాలు, కప్పీలు, పేరు పెట్టి పిలిచినంత చనువుగా వాళ్లు పట్టుకునే తాళ్లు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వెళ్లేది ఒక సన్నటి తీగ మీద. దాన్ని పట్టుకున్న పెద్దాయన కళ్లు నటుడి మీదే ఉన్నాయి, వేళ్లు మాత్రం తీగను కొలుస్తున్నాయి. నేను ఇంకాస్త ముందుకు జరగబోతే, "అక్కడ కాదు బాబూ, తాడు కాలికి పడుతుంది" అన్నారు మెల్లగా. ఆ వెంటనే లడ్డూ ఎగిరింది. హాల్లో పిల్లల కేక గోడ దాటి మా దాకా వచ్చింది.

సురభి అంటే 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన కుటుంబ నాటక సమాజం. మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో, ఆ కుటుంబంలోని ఆడవాళ్లు తమ పాత్రలు తామే వేశారు. ఆ కుటుంబానికే చెందిన నాగేశ్వరరావు, అందరూ బాబ్జీ అని పిలిచిన పెద్దమనిషి, 2013లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ కుటుంబాల్లో బిడ్డ నడక నేర్చేది స్టేజీ మీదే. ముఖానికి రంగు, చేతికి తాడు, గొంతుకు పద్యం, అన్నీ ఇంట్లోనే అబ్బుతాయి.

నాటకం అయ్యాక జనం కదిలారు. వెనక పరదాలు మళ్లీ చుట్టలు చుట్టుకుంటున్నాయి. మనమంతా బయటికి నడుస్తున్నప్పుడు వాళ్లకు ఇంకా పని మిగిలే ఉంటుంది.

మన సిద్దిపేటలోనూ విపంచి కళానిలయం అనే వేదిక ఉంది. మన జిల్లా కళాభిమానులకు నా విన్నపం ఒక్కటే. ఏడాదికి ఒక్కసారైనా సురభి పరదాలు అక్కడికి వచ్చేలా చూడండి. అదే వేదిక మీద, అదే సాయంత్రం, మన ఒగ్గు కథకుడికీ ఒక గంట ఇవ్వండి. టికెట్ పెట్టండి, కొనుక్కునే వస్తాం.