అయిదు సుడులు... ఒక్క కూడలి!

ఒకటి కాదు, రెండు కాదు... ఒకే కూడలిలో అయిదు చిన్న రౌండబౌట్లు! వాటన్నిటి నడుమ మరో పెద్ద వలయం. సిగ్నల్ లైట్లతో పనే లేదు. ఇంగ్లండ్‌లోని స్విండన్ పట్టణానికి కొత్తగా కారులో వచ్చినవాళ్లకు దీన్ని చూడగానే గుండె గుబేలుమంటుంది. ఊరివాళ్లు మాత్రం చకచకా దాటేస్తారు. పక్కనే కౌంటీ గ్రౌండ్ ఫుట్‌బాల్ మైదానం ఉండటంతో మొదట్లో దీని పేరు ‘కౌంటీ ఐలాండ్స్’. పిల్లల టీవీ కార్యక్రమం పేరు మీదుగా జనం ‘మ్యాజిక్ రౌండబౌట్’ అన్నారు. చివరికి అదే ఖాయమైంది.

అయిదు రోడ్లు కలిసే ఈ చోటుకి 1972లో ఆ రూపమిచ్చింది ఇంజినీరు ఫ్రాంక్ బ్లాక్‌మోర్. మనలాగే అక్కడా ఎడమవైపు నడుపుతారు కాబట్టి చిన్న రౌండబౌట్ల చుట్టూ బళ్లు గడియారం ముల్లులా తిరుగుతాయి. మధ్య వలయం చుట్టూ మాత్రం ఎదురు దిశలో! గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే... కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి. బ్రిటన్‌లో 1966లో వచ్చిన నియమమిది. అయినా కొత్తలో ఒక్కో చిన్న రౌండబౌట్ దగ్గరా ఒక్కో పోలీసు నిలబడాల్సి వచ్చింది.

చూడ్డానికి గందరగోళమే. కిటుకంతా అందులోనే ఉంది. నాలుగు రోడ్ల మామూలు కూడలిలో బళ్ల దారులు ఒకదానికొకటి తగిలే చోట్లు 32. అదే ఒక వరుస రౌండబౌట్‌లో అయితే 8. పచ్చలైటు పడింది కదాని దూసుకుపోవడం కుదరదు. నెమ్మదించాలి, పక్కబండిని చూసుకోవాలి. తగిలినా తక్కువ వేగంలో, పక్కవాటుగా తగులుతుంది. ప్రాణాలమీదికి రావడం అరుదు. సైకిళ్లవాళ్లకు, నడిచేవాళ్లకు మాత్రం ఇలాంటిచోట దాటడం కష్టమే.

ఇదే స్విండన్ 2008లో మరోసారి వార్తల్లోకెక్కింది. వేగాన్ని పట్టే కెమెరాలకు ఇక డబ్బివ్వకూడదని పట్టణ కౌన్సిల్ తీర్మానించింది. ఇంగ్లండ్‌లో అలా చేసిన మొదటి ఊరు అదే. జరిమానాలు కేంద్ర ఖజానాకు, ఖర్చు మాత్రం తమకా అన్నది కౌన్సిల్ వాదన. ఆ సొమ్ముతో వేరే భద్రతా పనులు చేస్తామంది. కెమెరా ఉంటేనే కొందరి కాలు బ్రేకు మీదికి వెళ్తుందన్నది రోడ్డు భద్రత కోరేవాళ్ల భయం. 2009లో కెమెరాలు ఆగిపోయాయి.

ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ కెమెరా దాటగానే కాలు మళ్లీ యాక్సిలరేటర్ మీదికి పోవచ్చు, డబ్బు లేదంటే కెమెరానే ఆగిపోవచ్చు. రౌండబౌట్‌కు ఆ బెడద లేదు. కరెంటు పోయినా, అర్ధరాత్రయినా, ఎవరూ చూడకపోయినా... మలుపు మలుపే!